బ్రిటిల్‌కు విరుగుడు

సూరత్‌లో మేం పర్వత్ పాటియాలో ఉండేవాళ్లం. బాపు మిల్లులో మగ్గాలు నడిపేవాడు, అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు కుట్టేది. తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం, కుట్టిన చీరల మూట ఎత్తబోయిందో లేదో అవ్వ కుడి మణికట్టు పుటుక్కుమంది. జారి పడలేదు, ఎక్కడా తగల్లేదు. ఉత్త మూట!

డాక్టరు పిండికట్టు వేశాడు. గుజరాతీలో చెప్పినదంతా అర్థమైంది కానీ, మధ్యలో ఒక్క ఇంగ్లీషు మాట కాలేదు. ఎముకలు 'బ్రిటిల్' అట. అడగడానికి మొహమాటపడి తలలూపి వచ్చేశాం. ఇంట్లో పదో తరగతి చదివినదాన్ని నేనే కనుక ఆ బరువూ నా నెత్తినే పడింది. అప్పటికే వంట, అవ్వ తల దువ్వడం, మిగిలిపోయిన లేసులు, అన్నీ నావే. ఒళ్లు హూనమై ఉంది. విసుక్కుంటూనే పాత డిక్షనరీ తీశాను.

"పెళుసు అని రాసిండ్రు బాపూ. విరుగుడు అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి పుట్టిందట."

"విరుగుడా? మరి దానికి విరుగుడేంది? గది రాయలేదా అండ్ల?"

మా యాసలో విరగడమూ విరుగుడే, మందూ విరుగుడే. పుస్తకంలో మొదటిదే ఉంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పెళుసు మాత్రం బాపుకు కొత్త మాట కాదు. సూరత్ రాకముందు ఊళ్లో చేమగ్గం మీద నేసిన మనిషి. నూలుకు గంజి ఎక్కువైతే పెళుసెక్కి పటపటా తెగుతుందని ఆయనకు తెలుసు.

"గదే! పొద్దుమాపు గంజే తాగుతది మీ అవ్వ. రేపటి సంది గంజి బంద్."

పళ్లు సగం ఊడిన అవ్వకు గంజే ఆధారం. ఎంత మొత్తుకున్నా ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. రొట్టె నీళ్లలో నానబెట్టుకుని ఎడమచేత్తో తింటూ అవ్వ నీరసపడింది. చెయ్యి అతుకుతుందా, మళ్లీ సూది పట్టగలదా అని నాకు ఒకటే బెంగ.

ఒక సాయంత్రం బాపు కొత్త చీరల మూట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఎడమచేత్తోని జర దారాలన్న కత్తిరియ్యే."

అవ్వ మూట వైపు చూసింది. "నూలుకు గంజెక్కువైతే పెళుసైతది. ఒప్పుకుంట. మనిషి దేంతోని పెళుసైతదో గిన్నేండ్లల్ల ఒక్కనాడన్న సోంచాయించినవా?"

బాపు మూట తీసి గడప అవతల పెట్టాడు. స్టవ్ వెలిగించి గంజి కాచాడు. మగ్గానికి తప్ప ఆయన గంజి కాయడం నేను చూడటం అదే మొదలు. ఆ అలవాటేమో, ఉప్పు వేయలేదు. అవ్వ ఉప్పు అడగకుండానే తాగింది.