క్యాన్సిల్ కాదు, వెకేషన్

దోహాలో, ముషైరిబ్ స్టేషన్‌లో మెట్రో ఎక్కగానే, సేఫ్టీ బూట్లు వేసుకున్న ఒకాయన నా టీషర్టు చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు. దాని మీద నేను కాలేజీ రోజుల్లో పిచ్చిగా విన్న అమెరికన్ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ బొమ్మ ఉంది.

"అన్నా, గీళ్ల పాటలు నువ్వు గూడ ఇంటవా? మా లేబర్ క్యాంప్ల ఫిలిప్పినో దోస్తు నాకు అలవాటు చేసిండు!"

"వినేవాణ్ణండి. డ్రమ్మర్ వెళ్ళిపోయాక మానేశాను. బ్యాండ్ పెట్టిన మనిషే లేకపోతే ఇంకేముంది?"

ఆయన పకపకా నవ్వాడు. వీసా రద్దు చేసుకుని, ఇక తిరిగి రాకుండా ఇంటికి పోవడాన్ని ఇక్కడ మేం క్యాన్సిల్ అంటాం; సెలవు మీద పోయి మళ్ళీ పనికి తిరిగి వస్తే అది వెకేషన్.

"క్యాన్సిల్ల పోయిండనుకున్నవా? లాంగ్ వెకేషన్ అన్నా అది! ఏండ్లకేండ్లు వేరే కంపెనీలల్ల చేసి, మళ్ల పాత డ్యూటీ ఎక్కిండు. కొత్త ఆల్బం గూడ వచ్చింది!"

"నిజమా!" అని నేను అరిచిన అరుపుకు బోగీ అంతా ఇటు తిరిగింది.

ఆయన ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టాడు. ఇద్దరం మోకాళ్ళ మీద ఏడు దెబ్బల తాళం వేస్తూ, ప్రతిసారీ తప్పుతూ, నవ్వుకుంటూ ఉండగానే ఆయన దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది, నాదీ దాటిపోయింది. పాట మాత్రం ఇంకా అయిపోలేదు.

మొన్న నా రూమ్మేట్ క్యాన్సిల్‌లో వెళ్ళిపోతుంటే ఎయిర్‌పోర్టులో అడిగాను: "వెకేషన్ ఎన్నాళ్ళురా?"