మందు కలిపిన నీళ్లు

ముదిగుబ్బ దగ్గరి ఆ పల్లెలో ఆంజినమ్మంత బాగా శనక్కాయ పొట్టును బొగ్గు చేసేవాళ్లు లేరు. పాత కుండలో పొట్టు కూరి, మూతకు చుట్టూ మట్టి మెత్తి కాలుస్తుంది. గాలి చొరబడితే బూడిదే మిగులుతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండువేల నాలుగులో అనంతపురం కాలేజీ నుంచి పద్మప్రియ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది అందుకే. మనుషులకూ గొర్రెలకూ వాడే యాంటీబయాటిక్‌లు నీళ్లలో కలిస్తే, ఆ బొగ్గు వాటిని పట్టుకుంటుందా అన్నది పద్మప్రియ పరీక్ష.

ఆ రోజు పద్మప్రియ ఒక క్యాన్ నీళ్లు వసారాలో పెట్టి, "ఇందులో మందు కలిపినానక్కా, ఎవరూ తాగొద్దు" అని చెప్పి, పక్క ఊరి బోరు నీళ్లు పట్టుకురావడానికి పోయింది. ఎంత చదివితే ఏం, ఈ ఊళ్లో మందంటే ఏమిటో తెలుసుకోలేదు. జ్వరానికి మింగేది ఇక్కడ బిళ్ల, గుచ్చేది సూది. మందంటే చేనుకు కొట్టేది. వరసగా మూడేళ్లు పంట పోతే పక్కింటి తిమ్మన్న తాగింది అదే.

ఆంజినమ్మ పెరట్లోంచి పొట్టు గంపతో వచ్చేసరికి మొగుడు ఈరప్ప క్యాన్ పక్కన కూర్చుని మూతి తుడుచుకుంటున్నాడు. గొర్రెలను తోలుకొచ్చిన దప్పికలో చెంబెడు తాగేశాడు. ఆమె గంప కింద పడేసింది. మందు తాగినావా, నన్ను వదిలి పోవాలనుకున్నావా అంటూ భుజాలు పట్టి ఊపేసింది. ఈరప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తెలిసి తాగలేదు మే. ఈ పొద్దు తాగాలనుకోలేదు."

ఆ మాట చెవిన పడింది గానీ ఆలోచించే తీరికేదీ? ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది. ఎదురుగా వస్తున్న పద్మప్రియ సంగతి విని ఆమెను ఆపింది. కలిపింది జ్వరం బిళ్లేనని, అదీ ఆవగింజంతేనని ఒట్టు పెట్టింది. అయినా ఈరప్పను కదిరి ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించింది. ఏం కాదని డాక్టరు పంపేశాడు.

ఊరంతా నవ్వుకుంది. ఈరప్పా నవ్వాడు. ఆంజినమ్మకు మాత్రం అసలు భయం అప్పుడే మొదలైంది. ఈ పొద్దు కాకపోతే ఏ పొద్దు అనుకున్నాడు? అడగలేకపోయింది. అడిగితే చెబుతాడేమోనని భయం.

మర్నాడు బొగ్గు సంచిలో పోస్తూ పద్మప్రియను అడిగింది. "మేడమ్, ఇది నీళ్లలో మందును లాగుతాదంటివే. మనిషి కడుపులోకి పోయిన చేను మందును గూడా లాగుతాదా?"

ఇది అందుకు పనికిరాదని, దీన్ని నమ్ముకోవద్దని పద్మప్రియ చెప్పింది. ఎవరికోసం అడుగుతున్నావు అంది.

ఆంజినమ్మ గొంతు తగ్గించి మొగుడి పేరు చెప్పింది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె ఆ పేరు పలకడం అదే మొదటిసారి.