పడని మందుల పట్టీ

టక్, టక్, టక్. ఒకే మీట చప్పుడు. కాసేపు మౌనం, మళ్లీ టక్. వరండాలో నడిచేవాళ్లకు మనిషి కనబడకముందే తెలిసిపోయేది, లిస్టులక్క కిందికి దిగుతోందని.

ఆస్పత్రుల కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీలో ఆమెది ఇరవై రెండేళ్ల ఉద్యోగం. స్క్రీన్ మీద బాణం గుర్తు నొక్కితే కిందికి జారే పేర్ల పట్టీలు ఆమె పని. పేర్లన్నీ ఒకచోట పోగుపడి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా తెచ్చి పట్టీలో నింపే ప్రోగ్రాము పంక్తులు రాస్తుంది. రాశాక మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా మీట నొక్కుతూ దిగుతుంది.

"ఇంట్లో మెట్లు కూడా లెక్కపెట్టుకునే ఎక్కుతావా వదినా?" అని ఆడపడుచు ఏడిపించేది.

"లెక్కపెట్టకపోతే ఒకటి నువ్వు ఎత్తుకుపోవూ?"

ఒక ఏడాది ఓ ఆస్పత్రి వైద్యులు చిన్న మార్పు అడిగారు. రోగికి పడని మందును ఎంచే పట్టీలో కొత్త మందుల పేర్లు ఎప్పటికప్పుడు కనబడాలన్నారు. ఆమె ఒకే ఒక పంక్తిని చోటు మార్చింది. రెండు వందల పన్నెండు పేర్లూ దిగి చూసింది. అన్నీ ఉన్నాయి. తృప్తిగా ఇంటికెళ్లింది.

మూడు వారాలకు, అక్కడ ఓ దర్జీకి పడని సూదిమందు ఇచ్చారు. రెండు రోజులు అతని ఊపిరిని యంత్రం మోసింది. బతికాడు. అతని కాగితంలో పడని మందు దగ్గర 'ఏదీ లేదు' అని ఉంది. అతన్ని చేర్చుకున్న నర్సును పనిలోంచి ఆపేశారు. 'పడని మందు పేరు అతను చెప్పాడు, నేను ఎంచాను' అని ఆమె ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు.

నర్సును ఆపేసిన పదకొండో రోజు ఆ సంగతి లిస్టులక్కకు తెలిసింది. ఖాళీ ఫారం తెరిచి, ఒక మందు ఎంచి, సేవ్ నొక్కి, మళ్లీ తెరిచింది. 'ఏదీ లేదు.' ఇంకో మందు ఎంచింది. 'ఏదీ లేదు.'

ఫారం తెరిచినప్పుడు ఒక్కసారే నిండాల్సిన పట్టీ, ఆమె జరిపిన పంక్తి వల్ల, సేవ్ నొక్కినప్పుడూ నిండుతోంది. నర్సు ఎంచిన పేరును కంప్యూటరు చదివేలోపే పట్టీ తుడుచుకుపోయి కొత్తగా వస్తోంది. అప్పుడు మొదటి వరుస తనంతట తానే ఎంపికవుతోంది. ఆ మొదటి వరుస 'ఏదీ లేదు'.

కిటికీలో ఎండ అలాగే ఉంది. ఆమె మేనేజరు గదికి వెళ్లి అంతా చెప్పింది.

మేనేజరు లేచి తలుపు వేశాడు. "చప్పుడు చేయకుండా సరిచేసెయ్ లిస్టులక్కా. ఆ నర్సుకు ఇంకోచోట పని దొరుకుతుంది. మనకు ఇంకో ఆస్పత్రి దొరకదు."

"నేను పంక్తి జరిపినప్పటి నుంచి చేరిన అందరికీ 'ఏదీ లేదు' అనే పడింది సార్. ఇవాళే వాళ్లని మళ్లీ అడగాలి. ఎందుకు అంటే ఏం చెప్తారు?"

"చేతులారా మీదికి తెచ్చుకుంటున్నావ్."

"నా మీదికి రావాల్సిందే కదా సార్, వేరేవాళ్ల మీద పడింది."

తప్పు తనదని తన పేరుతోనే ఆస్పత్రికి ఉత్తరం రాసి పంపింది. సాయంత్రానికి అరవై నలుగురిని మళ్లీ అడిగారు; తొమ్మిది మందికి పడని మందులున్నాయి. నర్సును తిరిగి రమ్మన్నారు. లిస్టులక్కను ఆస్పత్రి పనుల నుంచి తప్పించారు. ఇప్పుడామె గ్రంథాలయాలకు పుస్తకాల పట్టీలు నింపుతోంది.

ఉత్తరం పంపిన వారమే ఆమె నర్సు ఇంటికి వెళ్లింది. నర్సు ఇస్త్రీ చేస్తోంది. కూర్చోమనలేదు.

"పొరపాటున నేనే తప్పు నొక్కానేమో అని మా ఆయనతో కూడా అన్నాను మేడం," అంది తలెత్తకుండా. "నా వేలిని నేనే నమ్మలేదు. స్టవ్ ఆపానో లేదో అని మూడుసార్లు లేచి చూసుకునేదాన్ని. ఇప్పటికీ చూసుకుంటున్నాను."

ఇదంతా నాకు చెప్పి, తన ఇంటి గుమ్మం దాకా నన్ను సాగనంపుతూ లిస్టులక్క ఆగింది.

"రాస్తే రాయండి. ఆమె నన్ను క్షమించిందని మాత్రం రాయకండి. ఆమె క్షమించలేదు. నేను అడగనూ లేదు."