తుంగ లారీలు పోసిన దాసన్న

దాసన్నకు సైకిలు తప్ప మరే బండీ నడపడం రాదు. కానీ ఆయన చేతి మీదుగా రోడ్డెక్కినన్ని లారీలు కర్నూలు జిల్లాలో ఏ సావుకారికీ లేవు. కాకపోతే అవన్నీ అరచేతిలో ఇమిడేవి.

పుట్టింది బేతంచెర్ల దగ్గర పల్లె. తండ్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషన్ దగ్గర పని చేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా తెల్లదుమ్ము ఉండేది. నలభై ఐదేళ్లకే దగ్గుతో మంచం పట్టాడు. ఆదివారం గుడిలో పాస్టరు ఆయన కోసం ప్రార్థన చేస్తుంటే, ఆ మిషన్ దగ్గరికి తాను మాత్రం పోకూడదని దాసన్న అనుకున్నాడు. ఇరవై రెండేళ్ల వయసులో కర్నూలు బస్సెక్కాడు.

హంద్రీ ఒడ్డున హనుమేష్ అనే ఆదోని మనిషికి ఒక రేకుల షెడ్డు ఉండేది. తలుపు గొళ్లేలు, కుళాయి పిడులు పోసి అమ్మేవాడు. జింకు దిమ్మెలను కొలిమిలో కరిగిస్తారు. కరిగిన లోహాన్ని మిషన్ ఉక్కు అచ్చులోకి గట్టిగా ఒత్తుతుంది. అచ్చు తెరిస్తే సామాను ఊడి తొట్టిలో పడుతుంది. దాసన్నను కొలిమి దగ్గర పెట్టారు. ఆరు నెలల్లో, లోహం రంగు చూసి వేడి ఎంతుందో చెప్పగలిగే స్థాయికి వచ్చాడు.

ఎనభై తొమ్మిదిలో హనుమేష్ బొంబాయి పోయి, మూతపడిన బొమ్మల కంపెనీ నుంచి ఒక పాత అచ్చు కొనుక్కొచ్చాడు. పొడుగు ముక్కు విదేశీ కారు అది. పోస్తే ముచ్చటగా వచ్చింది. కింద పొట్ట మీద తెలుగులో ఊరి పెద్ద నది పేరున ‘తుంగ’ అని, దాని కింద చిన్నగా ‘కర్నూలు’ అని అక్షరాలు చెక్కించాడు. రెండు వేల కార్లు పోసి అంగళ్లకు పంపితే ముప్పాతిక వంతు వెనక్కొచ్చాయి.

“ఇదేం కారప్పా? మన రోడ్ల మీద యాడా చూడలేదే. పిల్లోళ్లు పేరడిగితే నేనేం చెప్పాల?” అన్నాడు నంద్యాల అంగడాయన.

హనుమేష్ వెనక్కొచ్చిన కార్లను షెడ్డు మూలన కుప్ప పోయించాడు. ఆ వారం చివర దాసన్న ధైర్యం చేసి అడిగాడు.

“సారూ, మా బేతంచెర్ల బండల లారీ చేస్తే ఎట్లుంటాది?”

“కొత్త అచ్చు చెక్కాలంటే శానా దుడ్లు కావాలప్పా.”

“లారీ అయితే పిల్లోళ్లకు తెలుస్తాది సారూ. పైన బండలు కూడా నిజంవే పెడదాం. పాలిష్ ఫ్యాక్టరీల ఎనక గోరంత ముక్కలు కుప్పలు కుప్పలు పారేస్తారు.”

ఆ మాట హనుమేష్‌కు పట్టింది. తొంభై ఒకటిలో తుంగ లారీ వచ్చింది. ఎర్ర క్యాబిన్, గోధుమ రంగు తొట్టి, తొట్టిలో నిలబెట్టి అంటించిన తొమ్మిది నున్నటి రాతి పలకలు. చేతిలో పెడితే బరువు తెలిసేది. రంగు పని ఎమ్మిగనూరు తిమ్మయ్యది. పోసిన లారీలను రంగు పట్టేందుకు మందునీళ్లలో కడిగి, ఆరబెట్టి, రంగు కొట్టి, సన్న కుంచెతో లైట్లూ నంబరు ప్లేటూ దిద్దేవాడు. మాట తక్కువ మనిషి. తనకు నచ్చని రంగు పడితే ఎవరూ అడగకుండానే గీకి మళ్లీ కొట్టేవాడు.

పదేళ్లకు పైగా తుంగ లారీ ఒక వెలుగు వెలిగింది. శ్రీశైలం కొండ మీది అంగళ్లలో, కడప ఉరుసులో, బస్టాండ్లలో దొరికేది. లారీ డ్రైవర్లు డాష్‌బోర్డు మీద అంటించుకునేవాళ్లు. షెడ్డులో ఇరవై మంది దాకా పని చేసేవాళ్లు. దాసన్న జీవమ్మను పెళ్లి చేసుకున్నది, ఇద్దరు ఆడపిల్లల తండ్రి అయినది ఆ రోజుల్లోనే.

కొలిమి దగ్గర హనుమేష్ పెట్టిన కట్టుబాటు ఒకటే ఉండేది. జింకులో సీసం కలవకూడదు. కలిస్తే పోసిన రోజు ఏమీ తెలియదు. రెండు మూడేళ్ల తర్వాత లోహం లోపల్నుంచి ఉబ్బి, పగిలి, పొడైపోతుంది. బొంబాయి వాళ్లు అచ్చు అమ్మేటప్పుడు చెప్పిన మాట అది. అచ్చు తెచ్చిన కొత్తల్లో పనికి వచ్చిన ప్రతి మనిషికీ హనుమేష్ ఈ సంగతి వల్లె వేయించేవాడు. తర్వాత కొత్తగా చేరినవాళ్లకు దాసన్నే చెప్పేవాడు.

రెండువేల నాలుగు శివరాత్రికి శ్రీశైలం నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. సరిగ్గా అప్పుడే లారీల సమ్మె. విశాఖ నుంచి రావాల్సిన జింకు ఆగిపోయింది. ఎర్ర రంగు కూడా రాలేదు. ఉన్న పసుపు రంగుతోనే క్యాబిన్లు కానిమ్మని చెప్పి హనుమేష్ సరుకు వెతుక్కుంటూ చెన్నై పోయాడు. దాసన్న ఊరికే కూర్చోలేక పాత సామాను అమ్మే గుజిరీ అంగళ్లు తిరిగాడు. పాత కార్బురేటర్లు జింకువే. వాటిని కరిగించుకోవచ్చు. పదకొండు గోతాలు పోగేసుకొచ్చాడు. ఆ గోతాల్లో కారు చక్రాలకు బ్యాలెన్సు కోసం కొట్టే సీసం బిళ్లలు కూడా కలిసి ఉన్నాయి.

మొదటి రోజు ప్రతి ముక్కనూ గోటితో గీకి చూశాడు. సీసమైతే గోటికి గీత పడుతుంది, వేలికి నల్లగా అంటుతుంది. అట్లా ఏరి పక్కన పడేశాడు. రెండో రోజు కంటికి కనిపించినవి మాత్రమే ఏరాడు. మూడో రోజు మిషన్ ఆగి ఉంది, మనుషులు చేతులు ముడుచుకొని కూర్చున్నారు, శివరాత్రి పది రోజుల్లోకి వచ్చింది. దాసన్న గోతాన్ని అట్లే కొలిమిలోకి వంచేశాడు. బిళ్లలు లోపలికి జారుతుంటే చూశాడు. చూడలేదని తనకు తాను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఆ వారం పోసిన లారీలు అంతకు ముందెన్నడూ రానంత నునుపుగా వచ్చాయి. అగ్గిపుల్లంత సన్నగా ఉండే, పక్క అద్దాన్ని పట్టే కాడ కూడా ఒక్క దెబ్బకే పోసుకుంది. చెన్నై నుంచి వచ్చిన హనుమేష్ పసుపు లారీల కుప్ప చూసి, “భలే పోసినావు కదప్పా!” అని భుజం తట్టాడు. సరుకుతో పాటు దాసన్నను కూడా జీపులో శ్రీశైలం తీసుకుపోయాడు. అంగడి పక్కన నిలబడి, పిల్లలు ఆ లారీలను వేలెత్తి చూపించి మారాం చేయడం దాసన్న కళ్లారా చూశాడు. ఆ పూట సీసం సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

రెండేళ్లు గడిచాక, ఎండాకాలంలో నంద్యాల అంగడాయన ఒక పెట్టె మోసుకొచ్చి హనుమేష్ బల్ల మీద బోర్లించాడు. అన్నీ పసుపు లారీలే. ముక్కులు ఉబ్బి, చక్రాల ఇరుసులు ఊడి, ఒళ్లంతా నీళ్లింకిన చెరువులా నెర్రెలు విచ్చి ఉన్నాయి. చేత్తో నొక్కితే బూడిద రంగు పొడి రాలింది.

“ఎర్రవి బాగుండాయి. పసుపు రంగువే ఇట్లయితాండాయి,” అన్నాడు అంగడాయన.

అందరి కళ్లూ తిమ్మయ్య మీదికి పోయాయి. హనుమేష్ తిమ్మయ్యను పిలిచాడు.

“ఏం కలిపినావప్పా ఆ రంగులో? మందునీళ్లతో సరిగ్గా కడిగినావా, లేదా?”

“ఎప్పుడూ కడిగినట్లే కడిగినా సారూ.”

“మరి ఇది ఎట్లయింది?”

“నాకేం తెలుసు సారూ. నా చేతిలో తప్పు లేదు.”

దాసన్న కొలిమి పక్కన నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. పగిలిన లారీని చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది. నోరు తెరవడానికి చాలినంత సేపు అక్కడే ఉన్నాడు. తెరవలేదు. పెద్దమ్మాయి పదో తరగతికి వచ్చింది, అద్దె ఇల్లు, బయట వేరే పని తెలియదు. ఇవన్నీ ఆయన ఆ తర్వాత వెతుక్కున్న కారణాలు. ఆ నిమిషంలో ఉన్నది భయం ఒక్కటే.

తిమ్మయ్య మర్నాడు తన కుంచెలు గుడ్డలో చుట్టుకొని ఎమ్మిగనూరు పోయాడు. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమని కూడా అనలేదు.

అంగళ్ల వాళ్లు పసుపు, ఎరుపు అని చూడలేదు. తుంగ అంటేనే వద్దన్నారు. అప్పటికే లాగి వదిలితే పరిగెత్తే ప్లాస్టిక్ కార్లు దిగాయి. హనుమేష్ మూడేళ్లు ఈడ్చాడు. రెండువేల తొమ్మిది అక్టోబరు వరదలో హంద్రీ షెడ్డులోకి వచ్చి, కప్పు రేకుల దాకా నిలబడింది. నీళ్లు తీశాక చూస్తే అచ్చులు బురదలో కూరుకుపోయి ఉన్నాయి. షెడ్డు మళ్లీ తెరవలేదు. ఏడేళ్ల తర్వాత హనుమేష్ గుండెపోటుతో పోయాడు. దాసన్న చావుకు పోయి, గుంపు వెనక నిలబడి, పూలదండ వేసి వచ్చాడు.

అప్పటికే ఆయన కాపురం ఎర్రగుంట్లకు మారింది. సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట ఊడ్చే పని. దుమ్ము తప్పించుకోవాలని బేతంచెర్ల విడిచిన మనిషి, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. ఆడపిల్లల పెళ్లిళ్లు అయ్యాయి. సీసం మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, జీవమ్మకు కూడా.

రెండువేల ఇరవై రెండులో ఒక ఆదివారం, గుడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు కారు ఆగి ఉంది. హనుమేష్ కూతురు సుప్రజ. కర్నూలులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. చిన్నప్పుడు షెడ్డులో దాసన్న చేత కొలిమి ఊదించుకొని నవ్విన పిల్ల. ఇప్పుడు ఆమె చేతిలో అట్టపెట్టె ఉంది.

“దాసన్నా, నాయన లారీని మళ్లీ చేద్దామనుకుంటాండా. అచ్చు శుభ్రం చేయించినా, పనికొస్తాది. పాత బొమ్మలు దాచుకునేవాళ్లు దేశమంతా తుంగ లారీ కోసం అడుగుతాండారు. కానీ పసుపు లారీ సంగతి తేలకుండా మొదలుపెట్టను.”

పెట్టె తెరిచి మూడు లారీలు అరుగు మీద పెట్టింది. ఒకటి ఎర్రది, చెక్కు చెదరలేదు. ఒకటి పసుపుది, పగిలింది. మూడోది రంగు లేనిది, వట్టి లోహం. అది కూడా పగిలే ఉంది.

“ఇది ఆ శివరాత్రికి పోసిందే. నాయన బీరువాలో తేదీ చీటీతో దొరికింది. దీనికి రంగు తాకలేదు, మందునీళ్లూ తాకలేదు. మరి ఇదెందుకు పగిలింది దాసన్నా?”

జీవమ్మ కాఫీ గ్లాసులతో గడపలో నిలబడిపోయింది. దాసన్న రంగులేని లారీని చేతిలోకి తీసుకున్నాడు. పొడి వేళ్లకు అంటింది.

“సీసం పడినాదమ్మా,” అన్నాడు. “నేనే పోస్తి. తెలిసే పోస్తి.”

మిగతాది చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు. ఇన్నేళ్లు మోసినది ఇంత చిన్నదా అని ఆయనకే వింతగా తోచింది. సుప్రజ మూడు లారీలనూ తీసి మళ్లీ పెట్టెలో పెట్టుకుంది. తండ్రి కడదాకా రంగునే తప్పు పట్టాడని మాత్రం చెప్పింది. కోపం వచ్చిందో లేదో ఆమె ముఖంలో తెలియలేదు. కారెక్కేముందు, “కొలిమి పెడితే మీరు రావాల. ఈసారి పోసిన ప్రతి లోహాన్నీ పరీక్షకు పంపిస్తా,” అని వెళ్లిపోయింది.

జీవమ్మ గ్లాసులు తీస్తూ అడిగింది.

“తిమ్మన్నకు చెప్పినావా?”

“లేదు.”

“సుప్రజమ్మకు చెప్పి ఏం లాభం? తిమ్మన్న దగ్గరికి పొయ్యిరా.”

తిమ్మయ్య ఎమ్మిగనూరులో బోరు లారీలకు, మోటారు సైకిళ్ల ట్యాంకులకు రంగులు వేస్తున్నాడు. జుట్టు నెరిసింది తప్ప మనిషి అట్లే ఉన్నాడు. దాసన్న కూర్చోకుండానే మొత్తం చెప్పేశాడు. తిమ్మయ్య చేతిలో ట్యాంకును నీళ్ల తొట్టిలో ముంచుతూ విన్నాడు. తీసి, తుడిచి, మళ్లీ ముంచాడు.

“పదహారేండ్లయిందప్పా నేను ఈడికొచ్చి,” అన్నాడు చివరకు. “ఆ పొద్దు కాన్నుంచి ఏది చేతికొచ్చినా మూడుసార్లు కడుగుతాండా. నా చేతిలోనే ఏమో తప్పుండాదని. ముందే చెప్పింటే నీళ్లన్నా మిగిలిండేవి. ఈ ఊర్లో నీళ్లెంత కరువో నీకు తెల్దా?”

“తెలుసన్నా.”

“ఎగతాళికి అనలేదులే,” అన్నాడు తిమ్మయ్య. “ నిజంగానే అంటాండా.”

క్షమించానని అనలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు. భార్యను పిలిచి, ఇద్దరికీ బొరుగుల ఉగ్గాని తెమ్మన్నాడు. తింటున్నంతసేపు బోరు లారీ ఓనర్ల గురించి మాట్లాడాడు. దాసన్న బస్సెక్కేటప్పుడు సాగనంపడానికి మాత్రం రాలేదు.

ఇప్పుడు కర్నూలులో సుప్రజ పెట్టిన కొత్త షెడ్డు నుంచి తుంగ లారీలు మళ్లీ వస్తున్నాయి. నెలకు నాలుగైదు వందలే. అమ్మకం ఎక్కువగా ఫోన్ల మీదే. పసుపు లారీలు పగిలింది లోహంలో సీసం కలవడం వల్లేనని, రంగు వేసినవాళ్ల తప్పు కాదని సుప్రజ తన అమ్మకాల పేజీలో రాసింది. దాసన్న పేరు పెట్టాలా అని అడిగితే, “పెట్టమ్మా” అన్నాడు. ఆమె పెట్టలేదు. దాసన్న, జీవమ్మ కర్నూలులో చిన్న గది తీసుకున్నారు. ఆయన మళ్లీ కొలిమి దగ్గరే ఉంటున్నాడు.

సుప్రజ పిలిచినా తిమ్మయ్య షెడ్డుకు రానన్నాడు. సరుకు ఇంటికి తెచ్చిస్తే రంగు వేస్తానన్నాడు. అందుకని దాసన్న ప్రతి శుక్రవారం పోసిన లారీలు సంచిలో పెట్టుకొని ఎమ్మిగనూరు బస్సెక్కుతాడు. తిమ్మయ్య కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు తిప్పి చూస్తాడు. అంచులో నలుసంత లోపమున్నా పక్కన పెడతాడు.

“ఇది సరిగ్గా పోసుకోలేదప్పా. ఎనక్కి తీస్కపో,” అంటాడు.

దాసన్న దాన్ని తీసి సంచిలో వేసుకుంటాడు.