నాలుగింటికి స్టోరు మూత

రోజూ సాయంత్రం సరిగ్గా నాలుగు కాగానే బాబాయి స్టోరు మూసేస్తాడు. మళ్ళీ ఐదయితే గానీ తెరవడు. ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్టోర్ కీపరుగా చేసి రిటైరైన మనిషికి ఇంకా స్టోరేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆయన మూసేది ముందుగదిలో ఉన్న తన కంప్యూటర్లోని ఒక ఫోల్డరు. దాని పేరే ‘స్టోరు’. అందులో పిన్ని కుట్టుపని కొలతలకు ఒక అర, మేడ మీద గదిలో ఉండి ఎం.ఏ. సాహిత్యం చదువుతున్న అన్నగారి కూతురికి ఒక అర.

ఆ పిల్లని ఇంట్లో అమ్మడు అంటారు. పుస్తకంలో తల దూర్చిందంటే తిండికి పిలిచినా ఎత్తదు, నలుగురిలో నోరు విప్పదు. మొదటి ఏడాదిలోనే ఆమె లాప్‌టాప్ చచ్చి, పోతూపోతూ రెండు వ్యాసాలను వెంట తీసుకుపోయింది. ఆ రోజే బాబాయి శాసనం చేశాడు.

“విలువైన సరుకు మేడ మీద ఉండకూడదు. కింద స్టోర్లో ఉండాలి. పైనుంచే తెరుచుకో, రాసుకో, అక్కడే వదిలెయ్.”

ఆలోచన మంచిదే. చిక్కంతా స్టోర్ కీపరుతోనే.

పొద్దున్నే ఫోల్డరు తెరవాలంటే స్లిప్పు రాసివ్వాలి. ఏం కావాలి, ఎందుకు కావాలి, ఎంతసేపు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చదివి, సంతకం చేసి, అప్పుడు కంప్యూటర్లో అనుమతి ఇస్తాడు.

“నా వ్యాసం నేను తెరుచుకోవడానికి స్లిప్పెందుకు బాబాయ్?” అని అమ్మడు మొదట్లో ఒకసారి అడిగింది.

“జనరల్ మేనేజరు తన గొడుగు తను తీసుకోవడానికి కూడా స్లిప్పే రాశాడమ్మా.”

“పెళ్ళయిన కొత్తలో బీరువా తాళం అడిగితే నన్నూ రాయమన్నారు,” అంది పిన్ని కుట్టుమిషను ఆపకుండానే. “ఎందుకు అన్నచోట ‘పుట్టింటికి పోవడానికి’ అని రాశాను. దెబ్బకి తాళం చేతిలో పెట్టారు.”

పెన్‌డ్రైవు తెస్తే ఇంకా ఘోరం. “స్టోర్లోకి చేతిసంచితో రావడమా!” అంటాడు. కంప్యూటరుకు ఉన్న ఆ కన్నాలన్నిటికీ టేపు అంటించి, దాని మీద తేదీ వేసి ఉంచాడు.

ఇవన్నీ ఎలాగో సహించింది అమ్మడు. నాలుగు నుంచి ఐదు వరకు మూత మాత్రం ఆమె ప్రాణం తీసేది. వాక్యం మధ్యలో ఉండగా ఫోల్డరు మాయం. ఎందుకని అడిగితే, “స్టోరు పని” అని ఒకటే జవాబు.

పరిశోధన వ్యాసం ఇవ్వాల్సిన ఆఖరి రోజు మధ్యాహ్నం రెండింటికి ప్రొఫెసరుగారు ఫోన్ చేశారు.

“ఏమ్మా, ఈ మూడో అధ్యాయంలో ప్రాణం లేదేం? మార్చిలో నాకు చదివి వినిపించావు చూడు, అది పెట్టు. ఐదింటికి ఆఫీసు కట్టేస్తారు. ఆ తర్వాత వచ్చే ఏడాదే.”

మార్చిలో రాసింది ఇప్పుడు లేదు. బాగాలేదనిపించి తనే చెరిపేసింది. ఆ సంగతి సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. పాత పేరుతో ఎక్కడైనా ఒక కాపీ మిగిలిందేమోనన్న ఆశతో స్లిప్పు రాసి, ‘ఎందుకు’ దగ్గర ‘ఊరికే చూడటానికి’ అని పెట్టి, సంతకం చేయించుకుని, మేడెక్కి ఫోల్డరు నొక్కింది.

‘మీకు అనుమతి లేదు.’

“బాబాయ్! రావడం లేదు!”

“ఇచ్చానే!” అని మెట్ల కింద నుంచి కేక. “ఉండు, వైఫై పెట్టె ఆపి పెడతా... ఇప్పుడొచ్చిందా?”

“రాలేదు!”

“నీది పక్కింటివాళ్ళ వైఫైలో లేదుగా?”

“మనదే!”

“నా కంప్యూటరు కనిపిస్తోందా?”

“కనిపిస్తోంది! స్టోరూ కనిపిస్తోంది! తలుపే తెరుచుకోవడం లేదు!”

“పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టు. ఇప్పుడొచ్చిందా?”

“రాలేదు బాబాయ్!”

ఆయన రెండు కంప్యూటర్లూ ఆపి పెట్టించాడు. నెట్‌వర్కు బయటివాళ్ళదో ఇంటిదో చూడమన్నాడు. ఇంటిదే. పద్నాలుగు మెట్లు ఆరుసార్లు ఎక్కి దిగాడు. ఎక్కిన ప్రతిసారీ ఆ మూడు మాటలనీ వేలితో చదివి, “నేను ఇచ్చాక లేదనడానికి ఇదెవరు?” అన్నాడు. పిన్ని కుట్టుమిషను ఆపేసింది. ఆ ఇంట్లో అది ఆగిందంటే పరిస్థితి విషమించిందని అర్థం.

మూడూ యాభై ఐదుకి అమ్మడు కిందికి దిగింది. “మీ కంప్యూటర్లోనే తెరవండి బాబాయ్.”

“కౌంటరు ఇవతలికి ఎవరూ...”

“ఏవండీ,” అంది పిన్ని.

బాబాయి కూర్చుని స్టోరు మీద రెండుసార్లు నొక్కాడు.

‘మీకు అనుమతి లేదు.’

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయనతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చదివాడు. “నాకా?”

“నిన్న ఏమైనా మార్చారా?”

“భద్రత పెంచాను. ఇదివరకు మూసేటప్పుడు నీ పేరు దగ్గర టిక్కు తీసేవాణ్ణి. నిన్న స్టోరు పనయ్యాక ‘అందరూ’ అని ఒకటి కనిపిస్తే దాని ఎదురుగా ‘నిరాకరించు’ అని కొట్టాను. ఐదింటికి నీ పేరుకి మళ్ళీ ‘అనుమతించు’ పెట్టానుగా?”

“నిరాకరించాక అనుమతి చెల్లదు బాబాయ్. అందరూ అంటే అందరూనే. నేనూ, పిన్నీ, మీరూ.”

“నేను కూడానా?”

“మీరు మనుషుల్లో లెక్క కాదనుకున్నారేమో, పాపం దానికి తెలీదు,” అంది పిన్ని.

అమ్మడు ఆ టిక్కు తీసేసింది. స్టోరు తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే గోడ గడియారం నాలుగు కొట్టింది.

“టైమైంది,” అన్నాడు బాబాయి. “ఐదింటికి రామ్మా.”

జన్మలో గొంతు పెంచని పిల్ల అరిచింది. “ఐదింటికి నా ఏడాది పోతుంది బాబాయ్! మూడో అధ్యాయం కావాలి, మార్చిది! అది ఉందో లేదో కూడా తెలీదు, నేనే చెరిపేశాను!”

బాబాయి ఏమీ తొణకలేదు. “ఆ ముక్క స్లిప్పులో రాయొచ్చుగా? మార్చి పదకొండుదా, పద్నాలుగుదా?”

ఆయన స్టోర్లో ఇంకో అర తెరిచాడు. మేడ మీదకి కనిపించని అర. పేరు ‘తుక్కు’. రెండేళ్ళుగా ఆమె రాసి చెరిపేసినవన్నీ తేదీలవారీగా వరసగా ఉన్నాయి. కవితలతో సహా.

“నువ్వు పైనుంచి చెరిపితే ఇక్కడ చెత్తబుట్టలో కూడా పడదమ్మా, గాల్లో కలిసిపోతుంది. పొద్దంతా రాస్తావు, పొద్దుగూకే వేళకి దాని మీద కోపం తెచ్చుకుంటావు. అందుకని నాలుగింటికే నకలు తీసిపెడతాను. ఆ కాసేపూ మూస్తేగానీ కుదరదు, నువ్వు తెరిచి ఉంచితే సగంలో ఆగుతుంది.”

“ఎప్పుడూ చెప్పలేదేం?”

“చెబితే వీటినీ చెరపమంటావు. తుక్కు పారెయ్యాలంటే ఇద్దరి సంతకాలుండాలి. నేను పెట్టను.”

“ఇవన్నీ... చదివారా?” అమ్మడి చెవులు ఎర్రబడ్డాయి.

“స్టోర్ కీపరు పార్శిలు విప్పడు.” కళ్ళజోడు సర్దుకున్నాడు. “పద్నాలుగుది వద్దు. పదకొండుదే బాగుంది.”

పిన్ని పోయి పెన్‌డ్రైవు తెచ్చింది. బాబాయి తేదీ వేసిన టేపుని తన గోటితోనే ఊడదీశాడు. వీధి మలుపులో ప్రింటు తీయించుకుని, కొత్త పేజీలు మార్చుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తి, ఐదుకి ఆరు నిమిషాలుందనగా అమ్మడు ఆఫీసు కిటికీలో వ్యాసం పెట్టింది. మూడో అధ్యాయం మార్చి పదకొండుదే.

బాబాయికి ఇప్పుడు డెబ్బై ఏళ్ళు. వారానికి మూడు రోజులు గ్రంథాలయానికి వెళ్ళి, చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసి వస్తాడు. నాలుగు కొట్టేసరికి మాత్రం ఇంట్లో ఉంటాడు, స్టోరు మూయాలిగా.