లిబ్రాదో మరిచిపోయిన నీలం పాట

మా బావ లిబ్రాదో కాంతెరో బాకా ఎత్తితే ఊళ్ళో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడేవాళ్ళు. అదేదో ఆయన విద్వత్తు అనుకునేరు. ఎర్ర పార్టీ పాట మొదలైతే లేవాల్సిందే. మగవాళ్ళు టోపీ తీయాలి, మెడలో ఎర్ర రుమాలు ఊపాలి. రుమాలు లేనివాడు ఎందుకు లేదో మర్నాడు ఠాణాలో చెప్పుకోవాలి. పెళ్ళయినా, సాన్ బ్లాస్ తిరునాళ్ళయినా, ఎద్దుల ఆటయినా, బ్యాండు ఆ పాటతోనే మొదలుపెట్టాలి, ఆ పాటతోనే ముగించాలి. ఎర్ర పార్టీ జనరల్ ఏలిన ముప్పై చిల్లర ఏళ్ళూ పరాగ్వేలో మా బతుకు ఇదే.

ఆయన వెనకాల డోలు వాయించేది నేను. నా పేరు సెలెస్తీనో, అందరూ సెలే అంటారు. మా అక్క ఎర్మెలిందా మొగుడు కాబట్టి లిబ్రాదో నాకు బావ. ఆయన గురించి ఇప్పుడు కొందరు వీరుడన్నట్టు చెబుతున్నారు, ఇంకొందరు జనరల్ గారికి బాకా ఊది బతికాడని వెక్కిరిస్తున్నారు. రెండూ వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన వారమంతా ఇటుక బట్టీలో పనిచేసి, ఆదివారం బాకా ఊది, ఇంటికొచ్చి పడుకునే మనిషి. అలిసిపోయిన మనిషి. అంతే.

జనరల్ రాకముందు మా ఊళ్ళో నీలం పార్టీకి కూడా ఒక బ్యాండు ఉండేది. దాన్ని నడిపింది డాన్ నికాసియో బెనెగాస్. మగవాళ్ళకి డాన్, ఆడవాళ్ళకి న్యా, మా దగ్గర ‘గారు’ అన్నట్టు. మా బావకి బాకా నేర్పింది ఆయనే. తన కొడుకు అమాన్సియోని, మా బావని ఒకే బల్ల మీద కూర్చోబెట్టి నేర్పాడు. ఊరి నీలం వాళ్ళకోసం ఆయన సొంతంగా ఒక పాట కట్టాడు. ఇంకే ఊళ్ళోనూ లేని పాట అది. కాగితం మీద రాసే అలవాటు మా బ్యాండు వాళ్ళకి ఎప్పుడూ లేదు. విని, ఊది, పెదవులకి ఎక్కించుకోవడమే.

జనరల్ వచ్చాక పోలీసులు నీలం బ్యాండు వాద్యాలన్నీ బండికెత్తుకుపోయారు. డాన్ నికాసియో ఆ దిగులుతోనే పోయాడు. ఎర్ర పార్టీ కార్డు లేకపోతే బడి ఊడ్చే పని కూడా దొరకదు కనుక మా బావ కార్డు తీసుకున్నాడు, ఎర్ర బ్యాండులో చేరాడు. అమాన్సియో చేరలేదు. చేరకపోతే పోయె, మంగలి కొట్టు పెట్టుకుని నోరు మూసుకుని ఉండొచ్చుగా! ఉండడు. ఎర్ర పాట మోగుతుంటే కుర్చీలోంచి లేచేవాడు కాదు. తీసుకుపోయేవాళ్ళు, కొట్టేవాళ్ళు, వదిలేవాళ్ళు. మళ్ళీ తిరునాళ్ళు, మళ్ళీ కుర్చీ. ఒకసారి తీసుకుపోయి ఏళ్ళ తరబడి వదల్లేదు. తిరిగొచ్చినప్పుడు ఎముకల గూడు, ఆగని దగ్గు.

వచ్చిన వారానికి మేం ముగ్గురం వాళ్ళ పెరట్లో మామిడి చెట్టుకింద కూర్చుని, తేయాకులాంటి ఎర్బా ఆకు వేసిన ఎద్దు కొమ్ములో చన్నీళ్ళు పోసుకుని, ఒకే గొట్టంతో వంతులవారీగా పీలుస్తున్నాం.

"ఏరా బాకా," అన్నాడు అమాన్సియో. "మూతి అలా వాచిందేం? మీ ఆవిడ కొట్టిందా?"

"నిన్న జనరల్ పుట్టినరోజు కదరా. చీకటితో మొదలుపెడితే మధ్యాహ్నం దాకా వదల్లేదు."

"వాడికింకా ఎన్ని పుట్టినరోజులున్నాయంటావ్?"

నేను చటుక్కున కంచెవైపు చూశాను. పోలీసుల తొత్తులు ఎక్కడైనా ఉంటారు. అడుగుల చప్పుడు వినపడదని మేం వాళ్ళని వెంట్రుక పాదాలవాళ్ళు అంటాం.

"మెల్లగా మాట్లాడన్నా! వచ్చి వారమేగా అయింది, అప్పుడే బుద్ధి పుట్టిందా మళ్ళీ లోపలికి పోవడానికి?" అన్నాను.

"నువ్వు డోలు కొట్టుకోరా, డోలుకంటే గట్టిగా మాట్లాడుతున్నావ్," అని నా మీదకి విసిరేసి, మా బావ వైపు తిరిగాడు. "లిబ్రా, వాడు పోయిన రోజున మా గుమ్మం ముందుకొచ్చి నాన్న పాట వాయించాలి. పట్టపగలు. వీధి చివరిదాకా వినపడాలి. అది విన్నాకే పోతాను నేను."

మా బావ కొమ్ములో నీళ్ళు పూర్తిగా పీల్చి, తిరిగి ఇచ్చాడు. "వాయిస్తా," అన్నాడు.

మా అక్కని చేసుకునేటప్పుడు కూడా ఆ మనిషి ఇంత గట్టిగా ఒప్పుకోలేదు. నాకు భయం వేసింది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. ఎలా గడిచాయని అడిగితే ఏం చెప్పను? ఠాణాలో జనరల్ ఫోటో ఎండకి వెలిసిపోతే కొత్తది పెట్టేవాళ్ళు, ఫోటోలో ఆయన మాత్రం ముసలాడయ్యేవాడు కాదు. మూడు నెలలకోసారి అత్యవసర పరిస్థితి పొడిగించామని రేడియోలో చెప్పేవాళ్ళు, మేం కర్రపెండలం చెక్కు తీస్తూ వినేవాళ్ళం. ఎన్నికలొచ్చేవి, ఆయనే గెలిచేవాడు, మేమే వాయించేవాళ్ళం. భయపడి భయపడి చివరికి భయమన్నా విసుగొచ్చింది. మొదట్లో బట్టీ నుంచి వచ్చాక బావ తొడమీద వేళ్ళు ఆడించుకుంటూ నీలం పాట నెమరువేసుకునేవాడు. ఊదడానికి లేదుగా, గోడకవతల ఎవరుంటారో. పోనుపోను వేళ్ళాడించడం కూడా తగ్గింది. మనిషి కూర్చున్నచోటే కునుకు తీసేవాడు.

ఒక ఫిబ్రవరిలో, సరిగ్గా సాన్ బ్లాస్ పండగ పొద్దున, రేడియోలో చెప్పారు జనరల్ పడిపోయాడని. రాత్రంతా రాజధాని అసున్సియోన్‌లో ట్యాంకులు తిరిగాయట. పడగొట్టింది ఎవరనుకున్నారు? ఆయన సొంత వియ్యంకుడు. ఆయనా జనరలే. మేం బ్యాండు బట్టలేసుకుని తిరునాళ్ళకి బయల్దేరబోతున్నాం. ఇన్నేళ్ళు ఎదురుచూసిన కబురు వచ్చాక నవ్వాలో ఏడవాలో కూడా తెలియకుండా పోయింది మాకు.

"పదండి అమాన్సియో ఇంటికి," అన్నాడు బావ.

మా అక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. "వియ్యంకుల తగువులో నీకేం పనయ్యా? రెండ్రోజులు ఆగు. ఎవరు లోపలుంటారో, ఎవరు బయటుంటారో తేలనీ."

"నేను ఆగుతానే. వాడు ఆగుతాడా?"

అమాన్సియో అప్పటికే మంచం దిగడం లేదు. ఊపిరితిత్తులు పనికిరావని పట్నం డాక్టరు చెప్పేశాడు. అక్క పక్కకి జరిగి, బావ చొక్కా కాలరు సరిచేసింది.

అమాన్సియో భార్య న్యా బసిలియా మమ్మల్ని చూసి తలుపులు రెండూ బార్లా తెరిచింది. వీధిలోంచి మంచం కనపడుతోంది. జనం ఒక్కొక్కరే చేరారు. ఎవరి పెట్టెల అడుగున ఎన్నాళ్ళనుంచి దాగున్నాయో గానీ, నలుగురైదుగురి చేతుల్లో నీలం గుడ్డలు కూడా ఉన్నాయి. అమాన్సియో దిండుమీద తల పైకెత్తి, చెయ్యి ఊపాడు, కానీయమన్నట్టు.

బావ బాకా ఎత్తాడు. మొదటి వరస వచ్చింది. డాన్ నికాసియో కట్టినట్టే, ఉన్నదున్నట్టు. ఎన్నాళ్ళకి విన్నాను! నాకు డోలు దెబ్బ ఒకటి తప్పింది. రెండో వరసలో పాట పైకి లేవాలి. అక్కడ బావ పెదవులు పక్కకి తిరిగాయి. పాట పైకి లేవలేదు, ఇంకో పాటలోకి జారింది.

ఎర్ర పాటలోకి.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. తెలుస్తోంది ఆయనకి. మొహమంతా చెమట. కానీ ఆపలేకపోయాడు. ఆ పాటని మధ్యలో ఆపినందుకు పక్క ఊరి బ్యాండు వాళ్ళకి ఏం జరిగిందో అందరికీ తెలుసు, ఆ వేళ్ళకీ తెలుసు. వెనకాల క్లారినెట్లు హమ్మయ్య అన్నట్టు అందుకున్నాయి, వాళ్ళకి వచ్చింది అదేగా. సిగ్గులేకుండా చెబుతున్నాను, నా చేతులూ అందుకున్నాయి. వీధిలో టోపీలు దిగాయి. నీలం గుడ్డలు జేబుల్లోకి పోయాయి. ఎవడో అలవాటుకొద్దీ "జై!" అని అరిచి, నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

లోపల అమాన్సియో కాళ్ళు నేలమీద పెట్టాడు. న్యా బసిలియా భుజాలు పట్టుకుని ఆపుతోంది. ఆమెని తోసేసి లేచాడు. చేతులు పక్కలకి ఆనించి, గడ్డం పైకెత్తి, నిటారుగా నిలబడ్డాడు. ఊరంతటిలో ఆ పాటకి లేవనివాడు ఒక్కడుండేవాడు. లేవనందుకే కదా బతుకంతా జైల్లో పోగొట్టుకున్నాడు! మేం వాయించినంతసేపూ నిలబడ్డాడు. మేం చివరిదాకా వాయించాం.

బావ బాకా నా చేతిలో పడేసి లోపలికి పరిగెత్తాడు. అప్పటికి అమాన్సియో మంచంమీద కూలబడి ఎగశ్వాస తీస్తున్నాడు.

"రాలేదురా," అని ఏడ్చాడు బావ. "పాట రాలేదురా నాకు."

"నా కాళ్ళు మాత్రం నన్ను అడిగి లేచాయా?" అమాన్సియో కాసేపు దగ్గాడు. "జైల్లో తెల్లారగానే ఆ పాట స్పీకర్లో పెట్టేవాళ్ళు. నిలబడినవాడికే మంచినీళ్ళు. మొదట్లో నేను దాహంతో పడి ఉండేవాణ్ణి. తర్వాత... తర్వాతంటే ఇదిగో, చూశావుగా."

ఆ సంగతి న్యా బసిలియాకి కూడా అప్పటిదాకా చెప్పలేదు. ఆమె నోట్లో గుడ్డ కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"కొత్తాయన రుమాలు ఏ రంగట?" అని అడిగాడు అమాన్సియో.

"ఎరుపే," అన్నాను నేను.

"అనుకున్నా. అయితే మీ బ్యాండుకి ఢోకా లేదు పొండి." నవ్వబోయి మళ్ళీ దగ్గాడు. దగ్గు తగ్గాక బావ చెయ్యి పట్టుకున్నాడు. "రేపట్నుంచి సాయంత్రాలు రారా. నేర్పుతాను. నేను కూడా మరిచిపోకముందే."

బావ బట్టీ నుంచి దుమ్ము కూడా దులుపుకోకుండా నేరుగా అక్కడికే వెళ్ళేవాడు. అమాన్సియో కూనిరాగం తీసేవాడు, ఊపిరి అందక ఆగిపోయేవాడు, మళ్ళీ మొదలెట్టేవాడు. "కిందికి కాదురా గాడిదా, పైకి! మా నాన్న వింటే నీ చెవి పిండేవాడు!" ఎర్ర పార్టీ ఊరి పెద్ద డాన్ ఎవరిస్తో ఒక సాయంత్రం అటుగా పోతూ గుమ్మంలో ఆగాడు. పాత జనరల్ ఫోటో తీసిన మేకుకే కొత్త జనరల్ ఫోటో తగిలించొచ్చిన మనిషి.

"వాయించుకోవయ్యా, వాయించుకో. ఇప్పుడంతా స్వేచ్ఛేగా!" అని పళ్ళికిలించాడు. "ఆదివారం మాత్రం బ్యాండు మర్చిపోకు. పట్నం నుంచి పెద్దవాళ్ళొస్తున్నారు."

వెళ్ళాం. వాయించాం. ఏం చేస్తాం? ఎర్ర పాటే, ఎర్ర రుమాళ్ళే, వేదికమీద అవే మొహాలు. సోమవారం చూస్తే బావ నేర్చుకున్న నీలం పాటలో సగం చెరిగిపోయింది. తర్వాతి ఆదివారమూ అంతే. వారమంతా ఒక్కో వరసా ఎక్కించుకోవడం, ఆదివారం పోగొట్టుకోవడం. అమాన్సియోకి మాత్రం ఎక్కువ వారాలు మిగిలి లేవు.

మూడో ఆదివారం డాన్ ఎవరిస్తో మనిషి పిలవడానికొస్తే, బావ దవడకి గుడ్డ కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. "పన్ను నొప్పి," అన్నాడు. ఆ తర్వాతి ఆదివారమూ అదే గుడ్డ. "ఎన్ని పళ్ళున్నాయి మీ బావకి?" అని నన్ను నిలదీశాడు డాన్ ఎవరిస్తో. బ్యాండులోంచి తీసేశారు. ఆ నెలాఖరుకి బట్టీలో కూడా పని లేదన్నారు, కారణం చెప్పలేదు. మా అక్క కర్రపెండలం పిండితో చిపా రొట్టెలు కాల్చి, గంప నెత్తిన పెట్టుకుని బస్సుల దగ్గర అమ్మడం మొదలుపెట్టింది.

జూన్‌లో, మా దగ్గర చలికాలం మొదలవుతుండగా, అమాన్సియో పోయాడు. చివరి రోజుల్లో మాట కూడా వచ్చేది కాదు, వేలితో బావ ముంజేతిమీద దరువు చెప్పేవాడు. రాగం ఎంతవరకు చెప్పాడో అంతే.

శవాన్ని ఎత్తినప్పుడు బ్యాండు రాలేదు. వచ్చింది బావా, నేనూ. వీధిలో జనం బాగానే ఉన్నారు. బావ బాకా ఎత్తాడు. మొదటి వరస, రెండో వరస. ఈసారి పాట పైకి లేచింది. మూడో వరస సగందాకా వచ్చి, ఆయన బాకా దించేశాడు.

శవం మోసేవాళ్ళు ఆగిపోయారు. జనమంతా ఆయనవైపే చూస్తున్నారు. మిగతాది వస్తుందని.

"ఇంతవరకే వచ్చు," అన్నాడు బావ.

ఇంకెవరికైనా వచ్చేమోనని ముసలివాళ్ళ మొహాలు చూశాను. అందరూ తలలు దించుకున్నారు. నేను డోలు అందుకున్నాను. శ్మశానందాకా అదొక్కటే మోగింది.