మబ్బుకు తలగుడ్డ తీసిన రోజు

మా ముత్తాత ఆలూరు దగ్గర మా ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ రెడ్డి. శిస్తు వసూలుకు వచ్చిన తాసీల్దారు కూడా ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాకే కచేరీ మొదలుపెట్టేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన కొడుకు, మా తాత, నల్లరేగడిలో పండిన పత్తిని పండినట్టే అమ్ముకోవడం చిన్నతనమనుకుని నూలు మిల్లు పెట్టాడు. ఆ నూలు రైల్లో నెల్లూరు సముద్రపు ఒడ్డుకు పోయేది. నైలాను రాకముందు చేపల వలలన్నీ నూలుతోనే అల్లేవారు. ఒడ్డున ఒక పల్లెకు పల్లె మా తాత మాట మీద నూలు తీసుకుని, వేట బాగా పడ్డాక లెక్క తీర్చేది. ఆయన జీవితంలో సముద్రం చూడలేదు. కానీ సముద్రం తన నూలు మీద బతుకుతోందని మీసం మీద చెయ్యేసి అనేవాడట.

మా నాన్న కాలానికి నైలాను వచ్చింది. అది నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాడు నాన్న. మిల్లు మూతబడింది. తర్వాత పొలం తునకలు తునకలుగా కరిగింది. రెండువేల సంవత్సరం దాటేసరికి మాకు మిగిలింది ఊరి పడమట కొంచెం రేగడి, దాన్ని చూసుకునే మా తమ్ముడు, అమ్మ, తల వంచడం రాని నేను.

ఆ ఒడ్డు పల్లెలోనే నాకు పని దొరికింది. మా తాత దగ్గర నూలు తీసుకున్నవాడి కొడుకు ఒకాయన అప్పటికి ముసలివాడు. ఐసు ఫ్యాక్టరీ యజమానితో చెప్పి నన్ను గుమాస్తాగా పెట్టించాడు. ఏ పడవకు ఎన్ని ఐసు దిమ్మెలు ఎక్కాయో రాయడం నా పని. ఉతికిన తెల్ల పంచె, తలగుడ్డ కట్టుకుని నిలబడే రాసేవాణ్ణి. చేపల బుట్టల మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవడానికి మనసొప్పేది కాదు. ముసలాయన నన్ను దొరా అని పిలిచేవాడు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలానికి సర్కారు వేట ఆపేసేది. అది ముగియగానే ఇంజను పడవలు ఐసు నింపుకుని లోతుకు పోయి, రోజుల తరబడి ఉండి వంజరాలు, చందువలతో తిరిగి వచ్చేవి. చలికాలంలో సముద్రం నెమ్మదించాక ఒడ్డు దగ్గరే అలివి వలలు వేసి, రెండు వైపులా తాళ్ళు పట్టుకుని ఇసుక మీదికి లాగేవారు. అప్పుడు నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు కుప్పలుగా పడేవి.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. వేట మొదలయ్యే రోజున పడవ దించే ముందు, అది నైలాను వల అయినా సరే, దాని తొలి కంటికి ఒక నూలు పోగు కట్టాలి. మా తాత బతికుండగా మిల్లు నుంచి ఒక నూలు కండె విడిగా పంపేవాడట. నేను వచ్చాక ఆ పోగు నా చేత కట్టించడం మొదలుపెట్టారు. ఆ ఏడు ముసలాయన కొడుకు కొత్త వల తెచ్చాడు. పడవ వాళ్ళదే. ఇంట్లో ఉన్నదంతా ఆ వలలోనే ఉందని పల్లెలో అందరికీ తెలుసు. నేను పోగు ముడివేస్తుంటే కొడుకు నవ్వాడు.

"నూలు చూసి చేపలొస్తాయా నాయనా? ఇంకో రెండు దిమ్మెల ఐసు ఎక్కించమను ఆ దొరను, అది మేలు."

"నోర్ముయ్యిరా," అన్నాడు ముసలాయన. "ఆ పోగు లేకపోతే గంగమ్మకు మనమెవురో ఎట్టా తెలుస్తాది?"

ముడి గట్టిగా వేశాను. తాత పేరు నా వేళ్ళ కొసన ఉన్నట్టు అనిపించి ఛాతీ పొంగింది.

వానాకాలం చివర, మా తమ్ముడు రేగడిలో శనగ వేశాడు. వేసినప్పుడు తడి ఉంది, తర్వాత చినుకు లేదు. ఐసు ఫ్యాక్టరీకి ఫోను చేశాడు.

"అన్నా, మొలక వాడిపోతాండాది. ఇంకా నాలుగు దినాలు ఇట్లే ఉంటే దున్నేయాల్సిందే. ఈసారి పోతే చేను కూడా పోతాదన్నా, ఎవురికి అమ్మాలో చూసుకోవాల్సిందే."

రాస్తున్న ఐసు లెక్కల పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"సముద్రంలో వాయుగుండం ఉండాదని రేడియోలో చెప్తాండారు. నువ్వు ఆడే ఉండావు గదా, దాన్ని కొంచెం ఈ తట్టుకు తోలు," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ ఉదయమే ముసలాయన కొడుకు పడవ ఐసు ఎక్కించుకుని లోతుకు పోయిందని అతనికి చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు కూడా.

మరుసటి రోజుకు గాలి తిరిగింది. దగ్గరలో ఉన్న పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరాయి. లోతుకు పోయినవాటిలో ముసలాయన కొడుకుది తప్ప అన్నీ వచ్చాయి. ఆడవాళ్ళంతా ఇసుక మీద నిలబడి తూర్పుకేసి చూస్తున్నారు. నేనూ ఫ్యాక్టరీ నుంచి వచ్చి నిలబడ్డాను. అప్పుడే నీళ్ళ అంచున మబ్బు లేచింది. మా రేగడి రంగు మబ్బు. కింది అంచు నీళ్ళకు తగులుతూ, పైన గోపురంలా పెరుగుతూ.

మా వైపు అలాంటి మబ్బు కోసం మేము ఎన్ని ఏళ్ళు ఎదురుచూశామో! అది కనబడగానే ఇంటి పెద్ద బయటికి వచ్చి, చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి, మబ్బు నెత్తి మీదికి వచ్చేదాకా చేతులు జోడించి నిలబడటం మా ఇంటి పద్ధతి. తాత నిలబడ్డాడు, నాన్న నిలబడ్డాడు. ఎవరి ముందూ తీయని తలగుడ్డను దానికే తీసేవారు. నా చేతులు నన్ను అడగలేదు. చెప్పులు విడిచాను. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాను. చేతులు జోడించాను.

"ఎవురికి సామీ దండం?"

ముసలాయన భార్య. కొడుకు కోసం చూస్తున్న చూపు నా మీదికి తిప్పింది.

"నా బిడ్డ దాని కిందనే ఉండాడు. రావద్దని చెప్పు దానికి. దండాలు పెట్టి పిలుస్తావేంది!"

ఆడవాళ్ళంతా నావైపు చూశారు. చేతులు దించాను. తలగుడ్డ మళ్ళీ కట్టుకోవాలో వద్దో తెలియక అలాగే చంకలో ఉంచుకున్నాను. క్షమించమని ఒక్క మాట అనుంటే సరిపోయేది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ నేర్పలేదు.

వాన మొదలైంది. ఇసుక మీద నిలబడి వాళ్ళతోపాటు పడవ కోసం చూశాను. కళ్ళు అక్కడే ఉన్నాయి. లోపల మాత్రం ఇంకో లెక్క సాగుతోంది. ఈ గాలి పడమటికి తోసుకుపోతే ఎప్పటికి కడప దాటుతుంది, ఎప్పటికి మా చేను మీదికి వస్తుంది? ఆ ఆలోచనను తోసేసే కొద్దీ మళ్ళీ వచ్చేది. పడవ రావాలనీ కోరుకున్నాను, వాన ఆగకూడదనీ కోరుకున్నాను. ఈ రెండూ ఒకే దేవుణ్ణి అడిగాను.

తెల్లారి పొద్దున ఫ్యాక్టరీలో ఫోను మోగింది.

"అన్నా, దంచుతాండాది! వంక పారుతాండాది! శనగ బతికిపాయె. అమ్మ మాట్లాడతాదంట, ఉండు."

అమ్మ ఫోను అందుకుంది. "దేవుడు కన్ను తెరిచినాడు నాయనా. ఆడ కూడా పడ్తాండాదా?"

"పడ్తాండాదమ్మా."

"శానా మంచిది," అంది అమ్మ.

ఫోను పెట్టేసి సంచి సర్దుకున్నాను. చేను పక్కన పారుతున్న మా వంకను చూడాలని ప్రాణం కొట్టుకుంది. సంచి భుజాన వేసుకుని బస్సు కోసం రోడ్డు వైపు నడుస్తుంటే ఒడ్డున కేకలు వినిపించాయి. వెనక్కి పరుగెత్తాను. ముసలాయన కొడుకు పడవ వచ్చింది. ఇంజను ఆగిపోయి, ఇంకో పడవ తాడు వేసి లాక్కొస్తుంటే వచ్చింది. మనుషులంతా ఉన్నారు. వల లేదు.

"వల ఇంజను ఫ్యానుకు చుట్టుకుపోయింది నాయనా," అన్నాడు కొడుకు. పెదాలు ఉప్పుతో పగిలి ఉన్నాయి. "కొయ్యకపోతే పడవే బోర్లా పడేది. కోసేసినాం."

కొడుకు తలను ముసలాయన నిమిరాడు. "మనుషులొచ్చినారు, చాలు," అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. నా భుజాన ఉన్న సంచినీ చూశాడు.

"మీ తట్టు వాన బడిందా దొరా?"

అబద్ధం చెప్పడం మా వంశంలో లేదు. "పడింది," అన్నాను.

"బాగా బడిందా?"

"వంకలు పారుతున్నాయట."

"పోనీలే. నీ చేనన్నా దక్కింది," అన్నాడు ముసలాయన. ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం ఎంత వెతికినా దొరకలేదు. దొరికుంటే నాకు తేలికగా ఉండేది.

నేను ఆ రోజు ఊరికి పోలేదు. పోయి ఆ వంకను చూసే మొహం లేకపోయింది.

ఆ ఏడు శనగ మా ఊళ్ళో ఎప్పుడూ పండనంతగా పండింది. చేను నిలిచింది. పంట ఇంటికి వచ్చాక ఒక బస్తా బస్సు టాపు మీద వేయించుకుని ఒడ్డుకు తీసుకుపోయాను. ముసలాయన భార్య గుప్పెడు వేయించి, ఆకులో పెట్టి నా ముందుంచింది. ఆ ఇంట్లో నేను అంతవరకూ ఏమీ తినలేదు. ఆ రోజు చాప మీద కూర్చున్నాను.

"తిను సామీ. మా వల మింగిన వాన గదా, గట్టిగానే పండిచ్చుంటాది," అంది. నవ్వుతూనే అంది.

"ఊరుకోవే," అన్నాడు ముసలాయన, శనగలు నములుతూ. "బాగుండాయి దొరా. రుచిగా ఉండాయి."

నేనూ తిన్నాను. నీళ్ళు కూడా అడిగి తాగాను.

కొత్త వల వాళ్ళకు కుదరలేదు. కొడుకు వేరేవాళ్ళ పడవలో కూలికి ఎక్కాడు. మళ్ళీ వేసవి వచ్చి వేట ఆపిన రోజుల్లో వాళ్ళ పడవను అమ్మేశారు. ఇంజను ఒకరు కొన్నారు, కొయ్యను ఇంకొకరు కొన్నారు.